స్కాన్ గదిలో శబ్దం ఆగినప్పుడు

తిరుపతిలో ఒక పెద్ద ఆసుపత్రి స్కాన్ విభాగంలో టెక్నీషియన్‌గా పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. మొదట ఎక్స్‌రే, తర్వాత సీటీ, చివరి ఏళ్ళన్నీ ఎమ్మారై. మా చెల్లెలి కూతురు ఇప్పుడు అదే చదువు చదువుతోంది. మొన్న ఇంటికొచ్చి, "పెద్దమ్మా, పుస్తకంలో లేనిది ఏమన్నా ఉంటే చెప్పు" అంది. నోటితో చెప్పబోతే ఒక్కటీ సరిగ్గా రాలేదు. అందుకే రాస్తున్నాను. ఆ పిల్లలాగే ఈ పనిలోకి వస్తున్న వాళ్ళెవరైనా చదువుకోవచ్చు.

నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ ఏడు ఏ మిషన్ కొన్నారో ఇందులో రాయను. అవి ఎవరికీ పనికిరావు.

పెద్దాయన చేసిన పని

నేను ఎమ్మారైలోకి మారిన మొదటి రోజు మా పెద్ద డాక్టరు సుందరమూర్తి గారు నన్ను పిలిచారు. ఆయనది గుడియాత్తం వైపు. తెలుగే మాట్లాడేవారు కానీ కోపం వస్తే సగం అరవం కలిసేది. నేను మిషన్ గురించి చదువుకున్న సంగతులన్నీ గుర్తుచేసుకుంటూ వెళ్ళాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"చెప్పులు విడిచి, నగలు తీసి, పోయి ఆ బల్ల మీద పడుకో" అన్నారు.

పడుకున్నాను. తలకు పంజరంలాంటిది బిగించి లోపలికి పంపారు. ముక్కుకు జానెడు దూరంలో పైకప్పు. ఎవరూ మాట్లాడలేదు. మిషన్ మొదలైంది. పక్కింట్లో బోరు వేస్తున్నట్టు, రేకుల మీద సుత్తితో బాదుతున్నట్టు మోత. ఎంతసేపు ఉంచుతారో తెలియదు. ముక్కు మీద దురద. గోకకూడదని తెలుసు కాబట్టి ఇంకా దురద.

బయటికి తీశాక ఆయన అడిగారు. "ఎట్లుండింది?"

"భయమేసింది సార్."

"నీకు అన్నీ తెలుసు. అయినా భయమేసింది. పొలంలో నుంచి నేరుగా వచ్చిన మనిషికి ఎట్లుంటుందో చూసుకో. కొండమీద క్యూలో నిలబెట్టి, గేటు వేసేసి, ఎప్పుడు తీస్తారో చెప్పకపోతే జనం ఏం చేస్తారు? అరుస్తారు. ఇంకొంచెం సేపుంది, ముందర పాలు ఇస్తారు అని చెప్పి చూడు. పసిపిల్లల తల్లి కూడా ఓర్చుకుంటుంది. నీ పని గేటు కాడ నిలబడి చెప్పడం. మీటలు ఎవరైనా నొక్కుతారు."

ఆయన మంచి డాక్టరని అందరూ అంటారు. స్కాన్ బొమ్మలు చదవడం చేతనైన డాక్టర్లు చాలామందే ఉన్నారు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరినీ ఆ బల్ల మీద పడుకోబెట్టిన డాక్టరును నేను ఆయన్నొక్కరినే చూశాను. ఆయన తర్వాత వచ్చినవాళ్ళు ఆ అలవాటు ఎత్తేశారు. టైము వృథా అన్నారు. నాకు ఇప్పటికీ అది తప్పనే అనిపిస్తుంది.

అడిగే తీరు, చెప్పే తీరు

ఎమ్మారై గదిలోకి ఇనుము పోకూడదు. ఆ అయస్కాంతం చిన్న వస్తువును కూడా రాయి విసిరినట్టు లాగేసుకుంటుంది. అందుకని ప్రతి ఒక్కరినీ "ఒంటిమీద ఇనుము ఏమన్నా ఉందా?" అని అడుగుతారు. అందరూ "లేదు" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఇనుమంటే వాళ్ళ లెక్కలో కొడవలి, గునపం.

ఒకసారి చంద్రగిరి నుంచి ఒకామె వచ్చింది. గాజులు, కమ్మలు, తలలో పిన్నులు అన్నీ తీసి ఇచ్చింది. "డబ్బులేమన్నా ఉండాయా అమ్మా?" అంటే "నయాపైసా లేదు" అంది. తలుపు దగ్గర చేయి పట్టుకుని తీసుకుపోతుంటే నడుము దగ్గర ఏదో గట్టిగా తగిలింది. పసుపు గుడ్డలో కట్టిన రూపాయి బిళ్ళలు.

"ఇదేందమ్మా? డబ్బులు లేవంటివే!"

"అది నాది కాదు గదమ్మా," అందామె నొచ్చుకుంటూ. "సామిది. బాగైతే కొండకు తెస్తానని కట్టుకున్న ముడుపు."

ఆమె మాటలో తప్పేముంది? మొక్కుకున్నాక అది ఆమె డబ్బు కాదు. ఆ రోజు నుంచి నేను "ఇనుము" అనే మాట మానేశాను. ముడుపు ఉందా, తాయెత్తు ఉందా, మొలతాడులో ఏముంది, తాళికి పిన్నీసులు తగిలించినావా అని పేరుపేరునా అడిగేదాన్ని. నువ్వు ఏం పని చేస్తావని కూడా అడిగేదాన్ని. వెల్డింగ్ పని చేసేవాడి కంట్లో అతనికే తెలియని ఇనుప రజను ఉండొచ్చు. అలాంటివాళ్ళకు ముందు కంటికి ఎక్స్‌రే తీయించేవాళ్ళం.

చెప్పడంలో కూడా అంతే. మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌కు ముందు తిండి మానాలి, నీళ్ళు మాత్రం బాగా తాగాలి. కౌంటర్లో ఉన్నవాళ్ళు ఒక ముసలమ్మకు "పరగడుపున రా" అని ఒక్క ముక్క చెప్పి పంపారు. పుత్తూరు దగ్గర పల్లె ఆమెది. స్కాన్ బాగా రావాలని ముందు రోజే అలిపిరి నుంచి నడిచి కొండెక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగి తిన్నగా మా దగ్గరికి వచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. సూది పెడదామంటే నరం దొరకదు.

"అవ్వా, నీళ్ళు కూడా తాగలేదా?"

"పరగడుపంటే పరగడుపే గదమ్మా. ఒక్కపొద్దు మాదిరే ఉండినా. కొండమీద తీర్థం ఇస్తే అదీ కండ్లకద్దుకుని తలకు రాసుకున్నా గానీ మింగలేదు. మీ మాటే కాపాడినా నేను!"

ఆమెను కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, మధ్యాహ్నం దాకా ఆగి తీశాం. పోతూ పోతూ నన్నే కోప్పడింది. "తాగమని చెప్పింటే కడవెడు తాగి వచ్చింటా. చెప్పేవాళ్ళు నిండుగా చెప్పాల" అని. ఆ మాట నేను కౌంటర్లో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో.

రోగి సహకరించలేదు

ఈ రెండు మాటలు మీరు చాలా చీటీల మీద చూస్తారు. మీరూ రాయాల్సి వస్తుంది. రాసే ముందు మునస్వామిని తలుచుకోండి. ఈ రాత అంతా ఆయన కోసమే మొదలుపెట్టాను.

మునస్వామిది పలమనేరు దగ్గర పల్లె. వయసులో ఉన్నప్పుడు బావులు తవ్వేవాడు. బోర్లు వచ్చాక రాతి పనికి పోయాడు. మా దగ్గరికి వచ్చేసరికి అరవై దాటి ఉంటాయి. చేతివేళ్ళలో పట్టు పోయింది. చొక్కా గుండీ పెట్టుకోలేడు, అన్నం ముద్ద జారిపోతుంది. నడిస్తే కాళ్ళు కొయ్యల్లా బిగుసుకుంటాయి. మెడలో వెన్నుపాము నలుగుతోందని, త్వరగా ఆపరేషన్ చేయకపోతే మంచాన పడతాడని డాక్టరు చెప్పారు. ఎక్కడ, ఎంత నలిగిందో చూడకుండా కత్తి పెట్టలేరు. చూడాలంటే ఎమ్మారై కావాలి.

అప్పటికే వేరే ఊళ్ళో ఒకచోట ప్రయత్నించారు. లోపల అరిచి గోల చేశాడని తిప్పి పంపేశారు. "రోగి సహకరించలేదు" అన్న చీటీతోనే మా దగ్గరికి వచ్చారు. మత్తు ఇచ్చి తీద్దామంటే, రాతి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడి ఉన్నాయి. మత్తు డాక్టరు పరీక్ష చేసి తల అడ్డంగా ఊపారు. మెలకువగా ఉండగానే తీయాలి.

ఆయన వెంట భార్య కుప్పమ్మ వచ్చింది. సన్నటి మనిషి. "ఆ మోతకు జడుసుకుంటాడమ్మా. ఇంట్లో మిక్సీ వేసినా లేసి బయటికి పోతాడు" అని నాకు ముందే చెప్పింది.

కాబట్టి నేను మోత గురించే సిద్ధం చేశాను. టక్కుటక్కుమని కొడుతుందని, అది మిషన్ పని చేసే చప్పుడేనని, ఏమీ మీద పడదని చెప్పాను. చెవులకు రెండు రకాల అడ్డాలు పెట్టాను; పైదానిలో నేను మైకులో చెప్పేది వినిపిస్తుంది. భయమేస్తే నొక్కమని చేతిలో రబ్బరు బంతి పెట్టాను. ఆయన అన్నిటికీ తలూపాడు.

మొదలుపెట్టాను. మోతలో మనిషి రాయిలా కదలకుండా ఉన్నాడు. తెరమీద బొమ్మ చక్కగా వస్తోంది. ఇంత బాగా పడుకునే మనిషిని ఎందుకు తిప్పి పంపారా అనుకున్నాను. మొదటి బొమ్మ అయిపోయి మిషన్ ఆగింది. రెండోదానికి సిద్ధం చేస్తున్నాను. అప్పుడు వచ్చింది కేక. గాజు కిటికీకి ఇవతలికి కూడా గట్టిగా వినిపించింది. పరుగెత్తి బల్లను బయటికి లాగాను. చొక్కా అంతా చెమట. బంతి చేతిలోనే ఉంది. నొక్కబోయాడు కానీ వేళ్ళలో బలం చాలలేదు.

మా విభాగం ఇన్‌చార్జి వచ్చి చూశాడు. అప్పటికి సుందరమూర్తి గారు రిటైరయ్యారు. ఈయన మనిషి చెడ్డవాడు కాదు, బయట కూర్చున్నవాళ్ళందరికీ సాయంత్రంలోపు స్కాన్ కావాలన్నదే ఆయన తపన. "సహకరించలేదని రాసేసి పంపించండమ్మా. మనం చేయగలిగింది చేశాం" అన్నాడు.

"మధ్యాహ్నం దాకా ఆగుతాను సార్. మిగతావాళ్ళను తీసేస్తాను. చివర్లో మళ్ళీ చూస్తాను" అన్నాను. మీ ఇష్టమన్నట్టు ఆయన చేతులెత్తి వెళ్ళిపోయాడు.

బెంచీ మీద

భోజనాల వేళ వాళ్ళిద్దరూ వరండాలో బెంచీ మీద ఉన్నారు. కుప్పమ్మ కొంగుతో ఆయన మొహం తుడుస్తోంది. నేను పక్కన కూర్చున్నాను.

"చెప్పినా గదమ్మా, ఆ మోత పడదు ఆయనకు" అందామె.

"మోతకు కాదు" అన్నాడు మునస్వామి. ఆ రోజు ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

"మరి దేనికన్నా?"

నేల చూస్తూ నిదానంగా చెప్పాడు.

"మోత వస్తా ఉన్నంతసేపూ బాగానే ఉండినానమ్మా. అది ఆగిపాయ. అప్పుడే ఊపిరాడలా. నేనూ నా తమ్ముడు చెంగయ్యా బావిలో దిగి తవ్వతా ఉండినాం. పైన రాతిగుండు కదిలి మన్నంతా మా మీద పడింది. నా తలకాయ కాడ రెండు రాళ్ళు ఆనుకొని కొంచెం సందు దొరికింది. వాడు నాకు కింద యాడో ఉండాడు. గడ్డపార చేతిలో ఉండినట్టుంది, రాయి మీద కొడతా ఉండాడు. టక్కు టక్కు అని. నేను అరిస్తే వానికి ఇనపడదు, వాడు అరిస్తే నాకు ఇనపడదు. అదొక్కటే ఇనపడేది. కొడతా ఉండాడు, బతికుండాడు అనుకుంటా ఉండినా. పైన జనం తవ్వతా ఉండారు. వాళ్ళు నా కాడికి వచ్చేలోపల..."

చేత్తో గాలిలో చిన్నగా సైగ చేశాడు. ఆగిపోయిందని.

కుప్పమ్మ ఆయన మొహంలోకి చూసింది. "నీ తమ్ముడు బావిలో పొయ్యినాడని తెలుసు నాకు. కొడతా ఉండినాడని ఎప్పుడూ చెప్పలేదే?"

"చెప్పి ఏం జేసేది?"

"నేనూ ఇనేదాన్ని గదా," అందామె.

ఒక మనిషితో జీవితమంతా కాపురం చేసినామె కూడా భయం మోతదే అనుకుంది. ఆమె మాట నమ్మి నేనూ అదే అనుకున్నాను. మిక్సీ వేసినప్పుడు ఆయన లేచి బయటికి పోయేది, అది ఆగే క్షణం వినకుండా ఉండడానికి.

"అన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్తా," అన్నాను. "ఆ మిషన్ మధ్యమధ్యలో ఆగుతాది. ఆగకుండా నేను చేయలేను. ఒక బొమ్మ అయినాక ఇంకో బొమ్మకు సర్దుకుంటాది, అంతే. ఆగిన ప్రతిసారీ నేను మైకులో మాట్లాడతా. మళ్ళీ మోత మొదలయ్యేదాకా మాట్లాడతానే ఉంటా. సరేనా?"

"నీకేదైనా పని తగులుకుంటే?"

"తగులుకోదు."

"ఎవురన్నా పిలిస్తే?"

"పలకను."

అప్పటికీ ఆయన మొహం తేరుకోలేదు. కుప్పమ్మ లేచి నిలబడింది. "నన్ను లోపలికి రానిస్తావామ్మా? ఆయన కాలు పట్టుకొని ఉంటా" అంది. రోగి తోడు ఒకరు ఆ గదిలో ఉండొచ్చు. రోగికి చూసినట్టే వాళ్ళకూ అన్నీ చూసి పంపాలి. అలాగే అన్నాను.

ఒక్క ముడి

కుప్పమ్మ ఒంటిమీది పిన్నీసులు తీయడానికే చాలాసేపు పట్టింది. గాజులకు కొన్ని, జాకెట్టుకు కొన్ని, తాళికి ఒక గుత్తి. మెట్టెలు వేళ్ళకు పట్టేసి ఉంటే సబ్బు రాసి తీశాం. తాళి దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయి ఆగింది.

నా సొరుగులో ఎప్పుడూ పసుపు రాసిన దారం ఉండేది. తాళి తీసేటప్పుడు చాలామంది ఆడవాళ్ళు అది మెళ్ళో వేసుకునేవాళ్ళు. కొందరు చదువుకున్న అమ్మాయిలు మాత్రం వద్దని నవ్వేవాళ్ళు. ఎవరిష్టం వాళ్ళది. నేను ఎవరినీ తొందర పెట్టలేదు, ఎవరికీ నీతులు చెప్పలేదు. కుప్పమ్మ ఆ దారం తీసుకుని భర్త ముందు వెళ్ళి నిలబడి తల వంచింది.

మునస్వామి దారం ఆమె మెడ చుట్టూ వేశాడు. ముడి వేయబోతే వేళ్ళు వంగలేదు. దారం జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. ఆయన పెదవులు బిగుసుకున్నాయి. నేను ఒక కొస పట్టుకున్నాను. ఇంకో కొసను రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య ఇరికించుకుని, పంటితో లాగి, ఎలాగో ఒక ముడి వేశాడు.

"ఒకటి సాల్లే," అంది కుప్పమ్మ, చెంపలు తుడుచుకుంటూ. "తక్కినవి ఆపరేసన్ అయినంక వేద్దువు."

రబ్బరు బంతిని ఆమె చేతికి ఇచ్చాను. ఆయన పాదం ఆడిస్తే ఆమె నొక్కాలి. ఆమె చెవులకూ అడ్డాలు పెట్టి, బల్ల కొసన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. రెండు చేతులతో ఆయన చీలమండ పట్టుకుంది.

మోత మొదలైంది. అది ఆగుతుండగానే మైకు మీట నొక్కాను.

"మునస్వామన్నా, నేను, వనజను. ఈడే ఉండాను. ఒక బొమ్మ అయిపోయింది, బాగా వచ్చింది. కుప్పమ్మ నీ కాలు వదిలిపెట్టలేదు, నాకు కనపడతా ఉండాది. ఇప్పుడు మళ్ళీ కొడతాది, ఇందాకటికంటే కొంచెం సన్నగా..."

ఏం మాట్లాడాలో ముందుగా అనుకోలేదు. పలమనేరు బస్సుల గురించి అడిగాను, ఆయన జవాబు చెప్పకూడదు కాబట్టి నేనే చెప్పుకున్నాను. టమోటా ధర గురించి మాట్లాడాను. మధ్యలో ఇన్‌చార్జి లోపలికి వచ్చి ఏదో అడగబోయాడు. మైకు వదలకుండా చేయెత్తి ఆగమన్నాను. ఆయన నా వెనకే నిలబడిపోయాడు. చివరి బొమ్మ అయ్యేదాకా కదల్లేదు.

బల్ల బయటికి వచ్చాక మునస్వామి కళ్ళు తెరిచే ఉన్నాయి. కన్నీళ్ళు కణతల మీదుగా కారి ఎండిపోయి ఉన్నాయి. కుప్పమ్మ కాలు వదలడం మరిచిపోయి అలాగే కూర్చుంది.

"ఆగినప్పుడల్లా పలికినావమ్మా," అన్నాడు. అంతే అన్నాడు.

మళ్ళీ వచ్చినప్పుడు

ఆ వారంలోనే ఆపరేషన్ జరిగింది. అన్నీ తిరిగి వచ్చాయని చెప్పను. గడ్డపార పట్టే చేయి మళ్ళీ రాలేదు. కానీ అన్నం తన చేత్తో కలుపుకుని తినే చేయి వచ్చింది. కర్ర ఊతంతో తన కాళ్ళ మీద తను నడిచాడు.

కొన్ని నెలలకు మెడ ఎలా ఉందో చూడడానికి మళ్ళీ స్కాన్ రాశారు. వాళ్ళిద్దరూ వచ్చారు. కుప్పమ్మ పిన్నీసులు తీయబోతే ఆయనే వద్దన్నాడు. "నువ్వు ఈడ కూసో. నేను పొయ్యొస్తా."

మొదటి బొమ్మ అయి మోత ఆగింది. మైకు మీట మీదికి నా వేలు పోయేలోపలే లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"వనజమ్మా, ఉండాను. నువ్వు కానీ."

ఆగిన ప్రతిసారీ అంతే, మెడ కదలకుండా నాకంటే ముందు ఆయనే పలికాడు. స్కాన్ పూర్తయ్యాక లేపి కూర్చోబెట్టి, మెడ పట్టీ సర్దుతున్నాను. ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ పొద్దు నీకు ఒక మాట చెప్పలేదమ్మా. బావిలో నా కుడిచెయ్యి ఆడతా ఉండె. వాడు కొట్టినప్పుడల్లా నేనూ ఒక రాయి పట్టుకొని తిరిగి కొడతా ఉండినా. వాడు ఆపినంక కూడా కొడతానే ఉండినా, నన్ను పైకి తీసేదాకా." నా మొహంలోకి చూశాడు. "వానికి ఇనపడే ఉంటాది గదా?"

నేను టెక్నీషియన్‌ని. తెలియని దానికి తెలుసని చెప్పకూడదని జీవితమంతా పిల్లలకు నేర్పినదాన్ని.

"ఇనపడే ఉంటాది అన్నా," అన్నాను.

ఆయన తలూపాడు. నేను అందించిన కర్ర తీసుకున్నాడు. బయట కుప్పమ్మ అప్పటికే సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. తిరుచానూరులో అమ్మవారిని చూసుకుని సాయంత్రం బస్సుకు పోవాలట. ఇద్దరూ వరండాలో మెల్లగా నడిచిపోయారు. ఆయన ఏదో చెబుతున్నాడు, ఆమె ఆయన వైపు తల వంచి వింటోంది.